ఎల్-1 దాటి ఆలోచిస్తే: హైవే పనికి సరైన కాంట్రాక్టు పద్ధతి ఎంచుకోవడం ఎలా

హైవే పని అనగానే అందరికీ అలవాటైన దారి ఒకటుంది. డిజైన్ మొత్తం ఆఫీసులో పూర్తవుతుంది, ఐటమ్‌ల వారీగా క్వాంటిటీలు లెక్కగట్టి టెండర్ పిలుస్తారు, అందరికంటే తక్కువ కోట్ చేసిన ఎల్-1కి పని ఇచ్చేస్తారు. డిజైన్ ఖాయమై, స్థలం చేతిలో ఉండి, పెద్దగా తొందర లేని పనికి ఇప్పటికీ ఇదే మంచిదని నా అభిప్రాయం. చిక్కల్లా ఏంటంటే, ఈ టెండర్‌లో పోటీ జరిగేది ధర మీద మాత్రమే. పని ఎన్నాళ్లు సాగుతుంది, అన్నాళ్లూ ఆ రోడ్డు మీద తిరిగే జనం ఎన్ని గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, అయిదేళ్లకు ఆ రోడ్డు ఎలా ఉంటుంది అన్న వాటికి టెండర్ కాగితాల్లో విలువ సున్నా. కాగితంలో సున్నా ఉన్నదాన్ని కాంట్రాక్టర్ పట్టించుకోలేదని తర్వాత తిట్టుకుని లాభం లేదు.

కొత్త పద్ధతులు అని పిలిచేవన్నీ ఆ సున్నాల్లో ఏదో ఒకదాని దగ్గర ఒక అంకె పెడతాయి, అంతే. కొత్త అన్నది కూడా మాటవరసకే, అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ 1990లోనే సెప్-14 పేరుతో వీటిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది, 1995 నాటికి ధర-కాలం కలిపిన బిడ్డింగ్, లేన్ రెంటల్ (లేన్ మూసినంతసేపూ కాంట్రాక్టర్ అద్దె కట్టడం), వారంటీ మూడింటినీ ప్రయోగాల జాబితాలోంచి తీసి మామూలు పద్ధతులుగా వాడుకోవచ్చని చెప్పేసింది.

ముందు మీ నొప్పి ఏంటో తేల్చుకోండి

చాలా ఆఫీసుల్లో పద్ధతి ముందు ఖాయమవుతుంది, కారణం తర్వాత వెతుక్కుంటారు. పై నుంచి ఎవరో ఈసారి డిజైన్-బిల్డ్ (డిజైన్, నిర్మాణం రెండూ ఒకే జట్టుకు ఇవ్వడం) చేద్దాం అంటారు, ఇక కింద అందరూ దానికి తగ్గట్టు నోట్ రాస్తారు. అలా కాకుండా, ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం ఎక్కడ జరగబోతోందో ఒక్క వాక్యంలో రాయండి. "ఈ వంతెన మూసి ఉంచిన ప్రతి రోజూ వేల వాహనాలు చుట్టూ తిరిగి వెళ్లాలి" అని వచ్చిందనుకోండి, మీకు కావలసింది కాలాన్ని కొనే పద్ధతి. "రోడ్డు తెరిచే ఉంటుంది కానీ పగటిపూట ఒక లేన్ మూస్తే కిలోమీటర్ల కొద్దీ ట్రాఫిక్ ఆగిపోతుంది" అంటే లేన్ రెంటల్. "నేల కింద ఏముందో తెలియదు, ఎలా కట్టాలో మాకే స్పష్టత లేదు" అంటే కాంట్రాక్టర్‌ను డిజైన్ దశలోనే లోపలికి తెచ్చుకోవాలి. ఆ ఒక్క వాక్యం రాయలేకపోతే పాత పద్ధతిలోనే వెళ్లండి, తప్పేం లేదు.

ఏ ప్లస్ బీ: రోజులకు ధర కట్టడం

మొదటిసారి ప్రయోగం చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. డిజైన్, క్వాంటిటీలు, కొలతలు, బిల్లులు అన్నీ పాత పద్ధతిలోనే ఉంటాయి, మారేది టెండర్‌లో గెలిచినవాణ్ని తేల్చే లెక్క ఒక్కటే. ఏ అంటే పని ధర, బీ అంటే కాంట్రాక్టర్ తానే అడిగిన రోజులు ఇంటూ మీరు ముందే ప్రకటించిన రోజు విలువ. రెండూ కలిపితే ఎవరిది తక్కువో వాళ్లదే పని.

రోజు విలువ 5 లక్షలు అనుకుందాం. ఒకరు 100 కోట్లకు 400 రోజుల్లో చేస్తానన్నారు, ఇంకొకరు 103 కోట్లకు 300 రోజుల్లో. మొదటివారి మొత్తం 120 కోట్లు, రెండోవారిది 118. రెండోవారు గెలిచారు, కానీ వాళ్లకు చెల్లించేది 103 కోట్లే, ఆ 15 కోట్లు పోలిక కోసం వేసిన లెక్క మాత్రమే. కాంట్రాక్టు గడువు మాత్రం వాళ్లు చెప్పిన 300 రోజులే అవుతుంది. ఇప్పుడు రోజు విలువను 2 లక్షలకు తగ్గించి చూడండి: 108 కోట్లు, 109 కోట్లు. మొదటివారు గెలుస్తారు. అంటే పని ఎవరికి దక్కాలో ఆ ఒక్క అంకె నిర్ణయిస్తోంది, అందుకే దాన్ని ఉజ్జాయింపుగా పెట్టడం కుదరదు.

ఆ అంకె ఎలా కట్టాలంటే, ట్రాఫిక్ లెక్కింపు నుంచి మొదలుపెట్టాలి. రోజుకు ఎన్ని కార్లు, ఎన్ని బస్సులు, ఎన్ని లారీలు, పని వల్ల ఒక్కోటి ఎన్ని నిమిషాలు ఆలస్యం, డైవర్షన్ ఉంటే ఎన్ని కిలోమీటర్లు అదనం, ఆ నిమిషాలకూ కిలోమీటర్లకూ ఎంత విలువ. దానికి మీ సూపర్‌విజన్ సిబ్బంది ఖర్చు కలపండి. రద్దీ రోడ్డు మీద ఈ మొత్తం కళ్లు తిరిగేంత వస్తుంది, అందుకని చాలా సంస్థలు అందులో కొంత భాగమే తీసుకుంటాయి. ఎంత తీసుకున్నా ఎందుకు తీసుకున్నారో ఫైల్లో రాసి పెట్టండి, ఓడినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇంకో రెండు కాపలాలు పెట్టాలి. గరిష్ఠ రోజులు, వీలైతే కనిష్ఠ రోజులు కూడా టెండర్‌లో రాయండి, లేకపోతే ఎవడో ఒకడు 150 రోజులు అని వేసి పని దక్కించుకుని, ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్ల కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తాడు. అలాగే ఆలస్యానికి వేసే రోజు పెనాల్టీ, మీరు ప్రకటించిన రోజు విలువకు సమానంగా ఉండాలి. పెనాల్టీ తక్కువైతే రోజులు తగ్గించి చూపించి గెలవడం, తర్వాత చవగ్గా పెనాల్టీ కట్టేయడం కాంట్రాక్టర్‌కు లాభసాటి బేరం అవుతుంది, ఆ బేరాన్ని మనమే చేతికిచ్చినట్టు.

ముందే ముగిస్తే బోనస్

1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపంలో శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలాయి. తిరిగి కట్టడానికి 140 రోజుల గడువు పెట్టి, ముందు ముగించిన ప్రతి రోజుకూ 2 లక్షల డాలర్ల బోనస్ అన్నారు, ఆలస్యమైతే పెనాల్టీ. కాంట్రాక్టర్ 66 రోజుల్లో ముగించాడు, 74 రోజులకు 1 కోటి 48 లక్షల డాలర్ల బోనస్ అందుకున్నాడు. బోనస్ కథ ఎవరు చెప్పినా దీన్నే చెప్తారు, కానీ అందులో మనం చూడాల్సిన సంగతి వేరే ఉంది. అక్కడ ప్రతి రోజు మూసివేతకూ నగరం మోస్తున్న నష్టం కళ్లముందు కనిపిస్తోంది కాబట్టి అంత బోనస్ సమర్థించుకోగలిగారు. పక్కన సర్వీస్ రోడ్డు మీద వాహనాలు హాయిగా సాగిపోతున్న పనికి ఇదే పద్ధతి పెట్టి, ముందు ముగించాడని కోట్లు ఇస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పలేరు. మామూలు పనుల్లో బోనస్ మొత్తానికి కాంట్రాక్టు విలువలో 5 శాతం లాంటి పరిమితి పెట్టుకోవడం మంచిది.

బోనస్ పెట్టారంటే మీ ఆఫీసు కూడా అదే వేగంతో నడవాలి. కాంట్రాక్టర్ మూడు షిఫ్టులు నడుపుతుంటే రాత్రి రెండింటికి శాంపిల్ చూసి ఓకే చెప్పేవాడు సైట్‌లో ఉండాలి, డ్రాయింగ్ ఆమోదానికి మూడు వారాలు పట్టే చోట బోనస్ పెట్టడమంటే క్లెయిమ్‌లను (మీవల్లే ఆలస్యమైందంటూ కాంట్రాక్టర్ అడిగే పరిహారాలను) పిలిచి మరీ తెచ్చుకోవడమే. వాన పడింది, మెటీరియల్ రాలేదు అన్న వాదనలు ఇక వద్దనుకుంటే, ఫ్లోరిడాలో వాడినట్టు ఏ సాకూ చెల్లని బోనస్ పెట్టొచ్చు: ఫలానా తేదీకి ముగిస్తే డబ్బు, లేకపోతే లేదు, ఆ తేదీ ఏ కారణానికీ జరగదు.

లేన్ రెంటల్

లేన్ మూసినంతసేపూ కాంట్రాక్టర్ అద్దె కట్టాలి. ఉదయం, సాయంత్రం రద్దీ గంటలకు ఎక్కువ, మధ్యాహ్నం కొంచెం తక్కువ, అర్ధరాత్రి నామమాత్రం. దాంతో కాంట్రాక్టర్ తన పని ప్రణాళికను తనే మార్చుకుంటాడు, ఏ పనికి లేన్ మూయాలి, ఏది మూయకుండా చేయొచ్చు అని ముందే కూర్చుని లెక్క వేసుకుంటాడు. రీసర్ఫేసింగ్ (రోడ్డు పైపొర మళ్లీ వేయడం), వంతెన డెక్ (వాహనాలు నడిచే పైభాగం) మరమ్మతులకు బాగా కుదురుతుంది. డైవర్షన్ సులువుగా దొరికే చోట, కొత్తగా వేసే బైపాస్‌ల మీద దీనికి అర్థం లేదు.

డిజైన్-బిల్డ్: ధరతో పాటు బుర్రకు కూడా మార్కులు

డిజైన్, నిర్మాణం రెండూ ఒకే జట్టుకు ఇచ్చేస్తే రెండు లాభాలు. డిజైన్ పూర్తిగా ముగియకముందే పునాదుల పని మొదలవుతుంది, డ్రాయింగ్‌లో తప్పుందని కాంట్రాక్టర్, సైట్‌లో తప్పు చేశారని డిజైనర్ ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం తగ్గుతుంది. అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీ దగ్గర ఐ-15 హైవే పునర్నిర్మాణాన్ని 2002 వింటర్ ఒలింపిక్స్‌కు ముందే ముగించాలని 1997లో ఇలాగే ఇచ్చారు, 2001లో పూర్తయింది.

ఎంపిక ఎలా చేయాలన్నదే ఇందులో కష్టమైన భాగం. మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన 2007 ఆగస్టు 1న కూలి 13 మంది చనిపోయారు. కొత్త వంతెన టెండర్‌లో ధర, డబ్బులోకి మార్చిన రోజులు కలిపి, ఆ మొత్తాన్ని సాంకేతిక మార్కులతో భాగించారు, ఎవరికి తక్కువ వస్తే వాళ్లదే పని. గెలిచిన జట్టు ధర అందరికంటే ఎక్కువ, అడిగిన రోజులూ ఎక్కువే, కానీ సాంకేతిక మార్కుల్లో మిగతావాళ్లు దగ్గరకు కూడా రాలేదు. సహజంగానే గొడవైంది, కేసు మిన్నెసోటా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2010లో కోర్టు ఆ ఎంపికను సమర్థించింది. వంతెన మాత్రం డిసెంబర్ 24 గడువుకు మూడు నెలల ముందే, 2008 సెప్టెంబర్ 18న తెరుచుకుంది. మీరు కూడా ఎల్-1ని పక్కనపెట్టి ఇంకొకరిని ఎంచుకోబోతున్నారంటే, మార్కులు దేనికి ఎన్ని అన్నది టెండర్‌లోనే ఉండాలి, ధర కవరు తెరవకముందే సాంకేతిక మార్కులు సీల్ అయిపోవాలి, ఒక్కో మార్కుకూ కారణం రాసి ఉండాలి.

ఇంకో మాట. డిజైన్-బిల్డ్ ఇచ్చాక చేతులు కట్టుకోవడం రావాలి. పైల్ వ్యాసం ఎంత, గర్డర్ ఏ రకం అని మీరే నిర్దేశిస్తూ పోతే డిజైన్ బాధ్యత మళ్లీ మీ నెత్తికే వస్తుంది. ఎంత బరువు మోయాలి, ఎన్నేళ్లు నిలవాలి, నీటి మట్టానికి ఎంత ఎత్తు ఉండాలి అని ఫలితాన్ని చెప్పి ఆగిపోండి. చాలామంది సీనియర్ ఇంజనీర్లకు ఇక్కడే ప్రాణం ఒప్పదు.

పరిస్థితి అసలే గందరగోళంగా ఉంటే, అంటే వంతెన కింద రైల్వే లైన్, పక్కన నది, నేల కింద గ్యాస్ పైపులు, అప్పుడు గంపగుత్త ధర అడిగితే కాంట్రాక్టర్ తన భయం మొత్తాన్నీ ధరలో కలిపేస్తాడు. అలాంటి చోట కాంట్రాక్టర్‌ను అర్హతల మీద ముందే ఎంచుకుని డిజైన్ దశలో సలహాదారుగా కూర్చోబెట్టి, డిజైన్ తేలాక ధర మాట్లాడుకోవడం మేలు. ఆ ధరను సరిచూడటానికి మీ తరఫున స్వతంత్రంగా ఎస్టిమేట్ వేసేవాడు ఉండాలి, బేరం కుదరకపోతే బయటికి టెండర్ పిలిచే హక్కు మీ దగ్గరే ఉండాలి. ఈ రెండూ లేకుండా దిగితే బేరంలో మీ చేతులు కట్టేసినట్టే.

వారంటీ, పెట్టుబడి

వారంటీ గురించి క్లుప్తంగా. రెండుమూడేళ్ల మెటీరియల్, పనితనం వారంటీ పెట్టడం సులువు. అయిదు నుంచి పదేళ్ల పనితీరు వారంటీ అయితే చక్రాల గాడుల లోతు, పగుళ్ల పొడవు, గతుకుల కొలత ఎంత దాటితే మరమ్మతు చేయాలో, ఎవరు కొలుస్తారో, ఏ నెలలో కొలుస్తారో రాయాలి. ఓవర్‌లోడ్ లారీల సంగతి రాయకపోతే వివాదం అక్కడే మొదలవుతుంది. దీర్ఘకాలం బ్యాంక్ గ్యారంటీ ఇరుక్కుపోతుంది కాబట్టి చిన్న కాంట్రాక్టర్లు టెండర్ వేయరు, పోటీ తగ్గుతుంది, ఆ సంగతి కూడా చూసుకోండి.

డబ్బే సమస్య అయితే అది వేరే దారి. ఇండియాలో 2016లో వచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ విధానంలో నిర్మాణ ఖర్చులో 40 శాతం పని జరుగుతుండగా ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 శాతం డెవలపర్ తెచ్చి పెడితే యాన్యుటీల (విడతల) రూపంలో ఏళ్ల తరబడి తిరిగి చెల్లిస్తారు. టోల్ వసూళ్ల రిస్క్ డెవలపర్ మీద ఉండదు.

టెండర్ పిలిచే ముందు

కాలానికి ధర కట్టే ఏ పద్ధతైనా స్థలం చేతికి రాకముందు వాడొద్దు. ఇది నేను రాజీ పడని విషయం. భూసేకరణ మిగిలి, కరెంటు స్తంభాలు, మంచినీటి పైపులు, కేబుళ్లు కదలకుండా ఉండగా రోజుకు ఇంత అని గడియారం తిప్పారంటే, ఆ గడియారం ముందు తిరిగేది మీకు వ్యతిరేకంగానే. యుటిలిటీ షిఫ్టింగ్ పూర్తి కాకపోతే దాన్నే విడిగా ముందు ఒక కాంట్రాక్టుగా ఇచ్చేయండి.

రెండోది, మాటల నిర్వచనాలు. రోజు అంటే క్యాలెండర్ రోజా, పని దినమా. పూర్తయింది అంటే ఏంటి, ట్రాఫిక్ వదిలితే చాలా, గీతలు, క్రాష్ బారియర్లు, సైన్ బోర్డులు కూడా కావాలా. లేన్ మూసివేత మొదటి కోన్ పెట్టినప్పటి నుంచా, చివరి కోన్ పెట్టినప్పటి నుంచా. ప్రీ-బిడ్ మీటింగ్‌లో (టెండర్ వేసే ముందు జరిగే సమావేశంలో) కాంట్రాక్టర్లు ఇలాంటివే అడుగుతారు, అడగనిస్తే మీకే మంచిది, జవాబులు రాతపూర్వకంగా అందరికీ ఒకేసారి పంపండి. ఇక లేన్ రెంటల్‌లో గంటలు ఎవరు రాస్తారో కూడా అప్పుడే తేల్చండి: మీ మనిషి, వాళ్ల మనిషి ఇద్దరూ అదే రోజు సంతకం పెట్టే ఒక రిజిస్టర్, తేడా వస్తే 24 గంటల్లో ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక పేరు.