హెచ్‌ఏసీ వాల్వ్‌ని విజయవాడలో ఎలా టెస్ట్ చేయాలి?

హెచ్‌ఏసీ అంటే హై ఆల్టిట్యూడ్ కాంపెన్సేషన్, ఎత్తు ప్రదేశాల్లో ఇంజిన్‌కి గాలి సరిచూసే వాల్వ్, పాత కార్బురేటర్ కార్లలో ఉంటది. ముందే చెప్తున్నా, ఊదితే గాలి పోవట్లేదని వాల్వ్ పోయిందనుకోకండి. మన ఊరు సముద్రమట్టానికి పాతిక మీటర్ల లోపే, ఇక్కడ అది మూసుకునే ఉండాలి!

కొండెక్కితే గాలి పల్చబడుద్ది, పెట్రోల్ మాత్రం అలాగే వస్తది, దాంతో నల్ల పొగ, పికప్ సున్నా. అప్పుడు ఈ వాల్వ్ తెరుచుకుని, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్‌కి అదనంగా గాలి వదులుద్ది, ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, కాస్త ముందుకు జరుపుద్ది. పాత టొయోటాల్లో లెక్క ఇది: 783 మీటర్ల కింద మూత, 1198 పైన తెరుపు.

కావల్సినవి: టైమింగ్ లైట్ (స్పార్క్ ఎప్పుడు పడుతుందో చూపించేది), శుభ్రమైన రబ్బరు పైపు ముక్క, పెయింట్. ఇంజిన్ వేడెక్కనివ్వండి, పైపులకి గుర్తులు పెట్టుకోండి, పగిలినవి మార్చేయండి, వాల్వ్ అడుగున ఉండే ఫిల్టర్ దులపండి. ఇదంతా పది నిమిషాల పని.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి, వాల్వ్ పైనున్న రెండు గొట్టాల్లో ఒకదాని పైపు పీకి, ఆ పైపు కొసని వేలితో మూసి, గొట్టానికి మీ రబ్బరు ముక్క తగిలించి నోటితో మెల్లగా ఊదండి. నోటితోనే, కంప్రెసర్‌తో కాదు. ఆటోనగర్‌లో నా కళ్లముందే ఒకతను "జామ్ అయింది సార్" అని ఫుల్ ప్రెజర్ గాలి కొట్టాడు, నిక్షేపంలాంటి వాల్వ్, లోపల పల్చని పొర, డయాఫ్రమ్, చిరిగిపోయింది, ఇప్పుడు దానికి స్పేర్ ఎక్కడ దొరుకుద్ది? ఇంజిన్ ఆపేసి ఊదినా లెక్కలోకి రాదు, వాల్వ్‌కి ఇంజిన్ లాగే వాక్యూమ్ అందాలి.

గాలి పోలేదా, బాగున్నట్టే. ధారాళంగా పోయిందా, తెరుచుకుని ఇరుక్కుపోయింది, మిక్చర్ పల్చబడి బండి ఇక్కడే ఎగిరెగిరి పడుద్ది. చాలామంది అప్పుడు కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్ పెద్దది వేయిస్తారు, శుద్ధ దండగ.

తర్వాత ప్లగ్గులకి కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్‌కి ఈ వాల్వ్ నుంచి పోయే పైపు పీకి మూసి టైమింగ్ లైట్ వేయండి. మన దగ్గర టైమింగ్ గుర్తు కదలకూడదు.

ఇంతవరకూ సగం టెస్టే. రెండో సగానికి అరకు వెళ్లొస్తాం అంటారు, కానీ అరకు 900 మీటర్ల చిల్లర, అంటే 783కీ 1198కీ మధ్యలో, అక్కడ తెరిచినా మూసినా ఏమీ తేలదు. హార్సిలీ హిల్స్ 1200 దాటుద్ది, నేనైతే అక్కడికే పోతా. పైకెక్కాక ఇంజిన్ ఆపకుండా, అదే రబ్బరు ముక్కతో ఊదండి, ఈసారి గాలి వాల్వ్ అడుగు నుంచి బయటికి రావాలి.