తెలిసిన బిట్లు పోకుండా ప్రాక్టీస్ చేయడం ఎలా?

కృష్ణా నదిపై లేని ప్రాజెక్టు ఏది? జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్. పాలమూరులో పుట్టి పెరిగినవాళ్లకు ఇదొక ప్రశ్నే కాదు. అయినా జూరాల కనబడగానే దానికే టిక్ పెట్టి వచ్చేవాళ్లున్నారు. 'లేని' అన్న మాట కంటికి ఆనలేదు, అంతే. నల్లగొండలో అద్దె గదిలో కూర్చుని రాసిన మాక్ టెస్టుల్లో నేనూ ఇలాగే బోలెడు పోగొట్టుకున్నాను. తెలియక పోయిన మార్కును చదివి తెచ్చుకోవచ్చు. తెలిసీ పోయినదానికి మాత్రం రాసే పద్ధతి మార్చుకోవాలి.

ముందు సమయం. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షలో పేపరుకు 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మధ్యలో లేవకుండా ఒకే కూర్చుడులో రాయండి. రోజుకు రెండు పేపర్లుంటాయి కాబట్టి వారానికి ఒక టెస్టయినా మధ్యాహ్నం పెట్టుకోండి. అన్నం తిన్నాక కునుకు వచ్చే వేళ, అందులోనూ మన ఎండల్లో, బుర్ర ఎలా పనిచేస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు. "అమ్మా, ఎవరు చేసినా పరీక్ష రాస్తున్నాడని చెప్పు" అని ఆమె చేతికిచ్చేయండి.

ఇక చదవడం. ప్రాక్టీస్ పేపర్ మీద 'కానిది', 'లేని', 'మాత్రమే' లాంటి మాటల కింద గీత గీయండి. కొన్నాళ్లకు గీత లేకున్నా కన్ను అక్కడ ఆగుతుంది. ఆప్షన్లు చూడకముందే జవాబు మనసులో అనుకోండి. ఎ, బి, సి వాక్యాలిచ్చే ప్రశ్నల్లో ఒక్కోదాని పక్కన ఒప్పో తప్పో వేసుకున్నాకే కింది ఆప్షన్లకు వెళ్లండి. మనసు ఎటో పోయిందనిపిస్తే పెన్ను కింద పెట్టి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, ఆ ఒక్క ప్రశ్ననే మళ్లీ చదవండి.

ఓఎంఆర్ జవాబు పత్రం నింపడం చివరిదాకా ఆపొద్దు. పేజీ అయిన వెంటనే బబుల్స్ నింపుతూ, ప్రశ్న నంబరు కలిసిందో లేదో చూసుకోండి.

తెలంగాణ గ్రూప్-2లో నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీ వదలొద్దు. నీట్‌లో ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. రెంటికీ ఒకే అలవాటు పనికిరాదు.

అసలు పని కీ చూసుకునేటప్పుడే ఉంది. చాలామంది స్కోరు లెక్కేసుకుని, స్టేటస్ పెట్టి లేచిపోతారు. రోజుకో టెస్టు రాసి ఇలా వదిలేసేకన్నా వారానికి రెండు రాసి, రాసినంతసేపు దిద్దుకోవడం మేలు. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: తెలియక, తప్పు చదివి, లెక్క తప్పి, సరైనది పెట్టి మళ్లీ మార్చి. ప్రతి తప్పు నంబరునూ దాని గడిలో వేయండి. మొదటి ఇరవైలోనే తప్పులు గుంపుగా ఉంటే అది టెన్షన్. వంద దాటాక పెరిగితే అలసటో, ఆ సబ్జెక్టు రాకపోవడమో. తేల్చుకోవాలంటే తర్వాతి టెస్టును 101వ ప్రశ్నతో మొదలుపెట్టండి. అప్పుడూ తప్పులు అక్కడే ఉంటే ఆ సబ్జెక్టు మళ్లీ తెరవాల్సిందే.