మన గడియారం కదలదు, వాళ్ళది కదులుతుంది: విదేశీ కాల్స్‌కి టైమ్ పెట్టడం ఎలా

నవంబరు మొదటి ఆదివారం దాటిన మర్నాడు హైదరాబాద్ ఆఫీసుల్లో ప్రతి ఏడాదీ ఒకటే తంతు. డల్లాస్ టీమ్‌తో రోజూ సాయంత్రం ఆరున్నరకి ఉండే కాల్‌కి సగం మంది అలవాటు కొద్దీ ఆరున్నరకే చేరి హోస్ట్ కోసం ఎదురుచూస్తుంటారు, క్యాలెండర్ చూసుకున్నవాళ్ళు ఏడున్నరకి తీరిగ్గా వస్తారు, కాల్ అయిపోగానే వెళ్ళిపోదామని ఏడింటికి డ్రాప్ క్యాబ్ పెట్టుకున్నవాళ్ళు తల పట్టుకుంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అమెరికాలో గడియారం గంట వెనక్కి జరిపారు, మనం జరపలేదు, అంతే.

మన టైమ్ ఏడాది పొడవునా యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక టైమ్) కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, మారదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు (హవాయి, అరిజోనాలో చాలా భాగం ఈ గొడవలోకి రావు). బ్రిటన్‌లో, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. ఆస్ట్రేలియా వీళ్ళకి తలకిందులు: సిడ్నీ, మెల్‌బోర్న్ అక్టోబరు మొదటి ఆదివారం ముందుకి వెళ్ళి ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి, బ్రిస్బేన్, పెర్త్ మాత్రం కదలవు. అందుకే "డల్లాస్‌కీ మనకీ ఎంత తేడా" అని ఎవరైనా అడిగితే ఏ నెల అని ఎదురు అడగాలి. మార్చి నుంచి నవంబరు దాకా పదిన్నర గంటలు, మిగతా నెలల్లో పదకొండున్నర. న్యూజెర్సీకి ఒక గంట తక్కువ, కాలిఫోర్నియాకి రెండు గంటలు ఎక్కువ వేసుకోండి.

ఇక అసలు పని. రోజూ లేదా వారం వారం జరిగే మీటింగ్ పెట్టేటప్పుడు అది ఎవరి గడియారానికి కట్టి ఉండాలో ముందే తేల్చుకోవాలి. చాలామంది ఇది ఆలోచించరు, ఎవరు ఇన్వైట్ పంపితే వాళ్ళ ఊరి టైమ్‌కి అది కట్టుకుపోతుంది. డల్లాస్‌లో ఉన్నాయన ఉదయం 8 అని పెడితే మనకి వేసవిలో ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అదే మీరు హైదరాబాద్ నుంచి సాయంత్రం 6:30 అని పెడితే మన టైమ్ మారదు గానీ నవంబరు రాగానే వాళ్ళకది ఉదయం ఏడవుతుంది, పిల్లల్ని స్కూలుకి పంపే టైమ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి.

నా లెక్క ఏంటంటే, కాల్ మన సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఉంటే అమెరికా గడియారానికి కట్టేయండి, మనకి గంట జరిగినా పెద్ద నష్టం లేదు. రాత్రి తొమ్మిది తర్వాత ఉండే కాల్ అయితే మన గడియారానికే కట్టాలి. కాలిఫోర్నియాలో ఉదయం 8:30 అంటే వేసవిలో మనకి రాత్రి తొమ్మిది, దాన్ని అలాగే వదిలేస్తే చలికాలంలో పదవుతుంది, కాల్ ముగిసి అన్నం తిని పడుకునేసరికి అర్ధరాత్రి. వాళ్ళు నాలుగు నెలలు ఉదయం ఏడున్నరకి వస్తే కొంప మునగదు. ఈ మాట మార్చిలోనో అక్టోబరులోనో ముందే అడగాలి, నవంబరులో ఇబ్బంది మొదలయ్యాక అడిగితే ఫిర్యాదులా వినపడుతుంది.

కట్టడం ఎలా అంటే, గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ టైమ్ పక్కనే టైమ్ జోన్ అని చిన్న ఆప్షన్ ఉంటుంది, అవుట్‌లుక్‌లో కూడా ఉంటుంది. మీరు మాదాపూర్‌లో కూర్చునే ఆ మీటింగ్‌కి సెంట్రల్ టైమ్ (డల్లాస్ టైమ్) ఎంచుకోవచ్చు. పనిలో పనిగా సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్ కూడా ఆన్ చేసుకోండి, క్యాలెండర్ పక్కన రెండు ఊళ్ళ గంటలూ పక్కపక్కనే కనిపిస్తాయి, వేళ్ళు మడిచి లెక్కపెట్టే పని తప్పుతుంది.

మూడు ఊళ్ళు కలిసినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది, ముఖ్యంగా అమెరికా జరిపేసి బ్రిటన్ ఇంకా జరపని ఆ రెండు మూడు వారాలు. 2026నే తీసుకోండి. ఉదయం 8కి డల్లాస్ గడియారానికి కట్టిన మంగళవారం కాల్ ఒకటి ఉందనుకుందాం. మార్చి 3న హైదరాబాద్‌లో రాత్రి 7:30, లండన్‌లో మధ్యాహ్నం 2. మార్చి 8న అమెరికా మారింది కాబట్టి మార్చి 10న హైదరాబాద్‌లో సాయంత్రం 6:30, లండన్‌లో మధ్యాహ్నం 1. మార్చి 29న లండన్ కూడా మారాక, 31న మనకి అదే 6:30, లండన్‌కి మళ్ళీ 2. పాపం లండన్ వాళ్ళకి ఆ మూడు వారాలూ లంచ్ టైమ్ పోతుంది, ఎందుకో కూడా చాలామందికి అర్థం కాదు. ఆ వారాల్లో టీమ్ గ్రూపులో ముందురోజే ఒక మెసేజ్ పడేయండి, ఇలా:

"మంగళవారం, 10 మార్చి. హైదరాబాద్ సాయంత్రం 6:30, లండన్ మధ్యాహ్నం 1:00, డల్లాస్ ఉదయం 8:00. ఈ వారం నుంచి టైమ్ మారింది, చూసుకోండి."

ఊరి పేరు, వారం, తేదీ, మూడూ ఉండాలి. ఐఎస్‌టీ (మన టైమ్), సీఎస్‌టీ (డల్లాస్ చలికాలపు టైమ్), ఈఎస్‌టీ (న్యూజెర్సీ చలికాలపు టైమ్) లాంటి పొట్టి పేర్లు వద్దు. ఐఎస్‌టీ అని ఇజ్రాయెల్ వాళ్ళూ రాసుకుంటారు, సీఎస్‌టీ చైనాకీ ఉంది, అమెరికాలో జూలైలో కూడా అలవాటుగా ఈఎస్‌టీ అని టైప్ చేసేవాళ్ళకి లెక్కే లేదు. అర్ధరాత్రి 12 అని కూడా రాయకండి, శుక్రవారం 12 అంటే గురువారం రాత్రా, శుక్రవారం రాత్రా అని వాదన వస్తుంది. 11:55 అని రాస్తే గొడవే ఉండదు.

"రేపు" అన్న మాటతో ఇంకా జాగ్రత్త. జూన్‌లో మంగళవారం రాత్రి పదింటికి మీరు కాల్‌లో ఉన్నారు, డల్లాస్‌లో అప్పుడు మంగళవారం ఉదయం పదకొండున్నర. "రేపు రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ మాట్లాడదాం" అని ఆయన అంటే అది మీకు గురువారం ఉదయం ఆరున్నర. బుధవారం రాత్రంతా లాప్‌టాప్ ముందు కూర్చున్నా ఎవరూ రారు. అలాగే అక్కడ శుక్రవారం సాయంత్రం కాల్ అంటే మన శనివారం పోయినట్టే. అది నెలకోసారి అయితే సరే, ప్రతి వారం అయితే "గురువారానికి మార్చండి" అని నోరు తెరిచి చెప్పండి. మొహమాటపడితే అదే ఖాయమైపోతుంది.

సిడ్నీ, హైదరాబాద్, డల్లాస్ ముగ్గురూ కలవాలంటే మన ఉదయం ఏడు బాగా కుదురుతుంది, లండన్ కూడా కావాలంటే మాత్రం ఎవరో ఒకరు నిద్ర మానుకోవాల్సిందే. అలాంటప్పుడు ఆ బాధ్యత నెలకొకరికి మార్చండి, లేకపోతే మీటింగ్ రెండుగా విడగొట్టి రికార్డింగ్ పంపండి. ఎప్పుడూ హైదరాబాద్ వాళ్ళే రాత్రి పదకొండుకి కూర్చోవడం పద్ధతి కాదు.

లండన్ లెక్కకి ఒక పాత చిట్కా ఉంది, చలికాలంలో పనికొస్తుంది: ముళ్ళున్న చేతి గడియారాన్ని తలకిందులుగా పట్టుకుని చూడండి, మన రెండున్నర వాళ్ళ తొమ్మిదిలా కనిపిస్తుంది. వేసవిలో ఆ పైన ఒక గంట కలుపుకోవాలి.

ఇంట్లోవాళ్ళ వీడియో కాల్‌కీ ఇవే లెక్కలు. అమ్మానాన్న తెనాలిలో, అన్నయ్య డల్లాస్‌లో, అక్క మెల్‌బోర్న్‌లో ఉంటే ఆదివారం ఉదయం ఏడు పెట్టండి. అన్నయ్యకి శనివారం రాత్రి భోజనాల వేళ, అక్కకి ఆదివారం మధ్యాహ్నం, ఏడాదంతా గంట అటూ ఇటూ. బావగారు రియాద్‌లో ఉంటే మాత్రం ఇది కుదరదు, ఏడంటే ఆయనకి తెల్లవారుజామున నాలుగున్నర, పైగా సౌదీలో సెలవులు శుక్ర, శనివారాలు, ఆదివారం డ్యూటీ. అప్పుడు శనివారం ఉదయం తొమ్మిదికి మార్చండి. రియాద్‌లో ఆరున్నర, సెలవురోజు కాబట్టి కాస్త విసుక్కున్నా లేస్తారు, డల్లాస్‌లో శుక్రవారం రాత్రి పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. పిల్లలు పడుకునే ఉంటారు, వాళ్ళని చూడాలని అమ్మ అడుగుతుంది కాబట్టి నెలకొకసారైనా పాత ఆదివారం టైమ్‌కి ఇంకో కాల్ ఉంచండి.