తరగతి గదిలో కథల పుస్తకాలు: పిల్లలే తీసి, పిల్లలే పెట్టేలా సర్దడం ఎలా

ముందు బీరువా తాళం తీసేయండి. నేను ఆదోని వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో చేరినప్పుడు కథల పుస్తకాలన్నీ ఇనుప బీరువాలో, స్టాక్ రిజిస్టర్ నంబర్ల వరుసలో చక్కగా పేర్చి ఉన్నాయి. పుస్తకం పోతే డబ్బులు ఎవరు కట్టాలన్న టెన్షన్‌తో ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ తెరవలేదు. కింది అర నుంచి ఒకటి చేతిలోకి తీసుకుంటే అట్ట అట్టలాగే ఉంది కానీ లోపల నుంచి మట్టి రాలింది, చెదలు తినేశాయి. పిల్లల చేతుల్లో చిరిగినా నాకంత బాధ ఉండేది కాదు. గ్రంథాలయాలకు 1931లో అయిదు సూత్రాలు రాసిన రంగనాథన్ గారు, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అన్నదాన్నే మొదటి సూత్రంగా పెట్టారు.

సర్దే ముందు ఏరివేయాలి. పాత గైడ్లు, పోయినేటి పాఠ్యపుస్తకాలు, ఎవరో దానమిచ్చిన పెద్దవాళ్ల పుస్తకాలు, అన్నీ పక్కన పెట్టండి. వంద పుస్తకాలే మిగిలినా పర్వాలేదు, పిల్లలకు పనికొచ్చేవి అవే.

మిగిలినవాటిని తరగతిని బట్టి విడదీయకండి, ఒత్తులను బట్టి విడదీయండి. తెలుగు చదివే పిల్లలు ఆగిపోయేది అక్కడే. పేజీకి ఒకటి రెండు వాక్యాలు ఉండి, గుణింతాలు వస్తే చదివేయగలిగేవి మొదటి రకం, ‘తాత మేకను తోలాడు’ లాంటివి. అక్క, పువ్వు, ఎద్దు లాంటి ద్విత్వాలు ఉన్నవి రెండోది. ఆశ్చర్యం, పుస్తకం లాంటి సంయుక్తాక్షరాలు తరచుగా తగిలేవి మూడోది, పేజీలకు పేజీలు సాగే కథలు నాలుగోది. పిల్లల కథలు అచ్చువేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల పుస్తకాలకు 1 నుంచి 4 వరకు స్థాయి ఉంటుంది, మొదలుపెట్టడానికి అది బాగా పనికొస్తుంది, కానీ వేరే భాష నుంచి వచ్చిన కథైతే తెలుగులో మాటలు బరువెక్కి ఉండొచ్చు కాబట్టి ఒకసారి మీరే పైకి చదివి చూసుకోండి.

ఒక్కో రకానికి ఒక్కో రంగు చుక్క అంటించండి, మొదటి రకానికి పసుపు అనుకుందాం. పలుచటి పుస్తకాలకు వీపు, అంటే అరలో నిలబెడితే కనబడే అంచు, ఉండదు, అందుకని ముందు అట్ట మీద ఎడమవైపు పై మూలలో అంటించి, దాని మీద టేపు వేయండి, లేదంటే వారంలో గోళ్లతో పీకేస్తారు. పసుపు చుక్కవన్నీ ఒకే బాక్సులో మాత్రం పెట్టకండి. అయిదో తరగతి పిల్లాడు అందరి ముందూ ‘చిన్నపిల్లల బాక్సు’ దగ్గరికి పోవడానికి సిగ్గుపడతాడు, ఇక అసలు పుస్తకమే ముట్టుకోడు. బాక్సులు విషయాన్ని బట్టి ఉండాలి: జంతువులు, ఇల్లు-ఊరు, నవ్వొచ్చే కథలు, సైన్సు, పాటలు. రంగు చుక్క పుస్తకం మీద మాత్రమే ఉండాలి.

అన్నిటికంటే బాగా పనిచేసింది బొమ్మ గుర్తు. జంతువుల బాక్సు మీద పిల్లల చేతే ఏనుగును గీయించాను, ఆ బాక్సులో ఉండాల్సిన ప్రతి పుస్తకం వెనక అట్ట మీద చిన్న ఏనుగు. అక్షరాలు ఇంకా రాని ఒకటో తరగతి పాప కూడా పుస్తకం తిప్పి, ఏనుగును చూసి, ఏనుగు దగ్గర పెట్టేస్తుంది. నన్ను అడగాల్సిన పనే లేదు.

బాక్సులంటే కొత్తవి కొనక్కర్లేదు, పత్తికొండ మార్కెట్‌కు టమాటాలు తోలే ప్లాస్టిక్ బాక్సులు రైతుల ఇళ్లలో పాతవి ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఒక్కోదాంట్లో 20కి మించకుండా, అట్ట ఎదురుగా కనబడేలా నిలబెట్టండి. గోడలో కడప బండల అరలుంటే కింది రెండు అరలు పిల్లలకు, పైవి మీకు. బాక్సు గోడకు ఆనకూడదు, కింద రెండు ఇటుకలు పెట్టండి, మధ్యమధ్య ఎండిన వేపాకు వేయండి. బాగా పలుచనివి దండెం కట్టి క్లిప్పులతో తగిలిస్తే సరి. మా వైపు ఇళ్లలో కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉంటారు, ఆ పుస్తకాలు నాలుగే ఉన్నా వాటికంటూ ఒక బాక్సు పెట్టండి.

చిరిగినవాటికి మైదా జిగురు వద్దు, పురుగులు దానికోసమే వస్తాయి. పిన్నులు తుప్పు పడితే పీకేసి, దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, దారంతో కుట్టి ముడి లోపలికి వేయండి. అయిదో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నంలో నేర్చుకున్నారు.

ఇంటికి ఇవ్వడానికి ఒక నోటుబుక్కు చాలు, పిల్లకొక పేజీ, తేదీ, పుస్తకం పేరు వాళ్లే రాసుకుంటారు. మా దగ్గర కొన్ని కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలికి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి, పిల్లలు కూడా పోతారు. వాళ్ల దగ్గర పుస్తకాలు వెనక్కి తీసుకోకండి, ఇంకో రెండు చేతిలో పెట్టి పంపండి. ఒకమ్మాయి రెండు నెలల తర్వాత తెచ్చిచ్చిన పుస్తకంలో పేజీల అంచులకు ఎర్రటి వేలిముద్రలు ఉన్నాయి, తెరిస్తే ఘాటు వచ్చింది. రెండోది ఇంకా రాలేదు. దాని ఎదురుగా ‘పోయింది’ అని రాయలేదు, ‘సుగ్గికి వెళ్లింది’ అని రాసి పెట్టాను.