ఆల్తా రంగు మేజోళ్లకు అంటకుండా

పర్లాకిమిడిలో మా పాప ఒడిస్సీ నాట్యం నేర్చుకుంటోంది. ఆదివారం ప్రోగ్రాం ఉంటే పాదాలకు ఆల్తా, అంటే పారాణి లాంటి ఎర్ర రంగు, పెట్టాలి, సోమవారం బడికి తెల్ల మేజోళ్లు వేసుకోవాలి. చెమటకు ఆ ఎరుపు మేజోళ్లకు దిగితే ఎంత ఉతికినా గులాబీ మరక ఉండిపోతుంది.

ఇంటికి రాగానే, కాళ్లు తడపకముందే, ఒక్కో పాదానికి చెంచాడు కొబ్బరినూనె రాసి 10 నిమిషాలు వదిలేయండి. వేళ్ల సందులు, మడమ అంచులు మరవద్దు, రంగు ఎక్కువగా పట్టేది అక్కడే. కింద పాత పేపరు వేయండి, నూనె పడితే గచ్చు జారుతుంది. మా పాప వాళ్ల నాన్న ఒళ్లో కాళ్లు పెట్టుకుని క్లాసు కబుర్లన్నీ చెప్పేది అప్పుడే. నాకు ఆ కాసేపు భలే ఇష్టం.

తర్వాత నూలుగుడ్డతో గట్టిగా తుడిచి, రెండు చెంచాల శనగపిండి పెరుగుతో కలిపి నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్లతో కడగండి. లేత ఎరుపు మిగులుతుంది గానీ మేజోళ్లకు పెద్దగా అంటదు.

గజ్జెలు ఒరుసుకుని చర్మం లేచిన చోట మాత్రం నలుగు పెట్టొద్దు, మండుతుంది. రాత్రంతా ఉంచేసిన ఆల్తా దీనికి అంతగా లొంగదు. అలాంటప్పుడు సోమవారం పాత మేజోళ్లే వేయండి.