బ్యాక్టీరియా పంపే సంకేతాన్ని ప్లేట్ మీద చూడటం ఎలా

మీ దగ్గరున్న బ్యాక్టీరియా తోటి బ్యాక్టీరియాకు కబురు పంపే సంకేత అణువులు తయారు చేస్తోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ల్యాబ్‌లో రెండు గీతలు గీస్తే ఊదా రంగే చెప్పేస్తుంది.

ముందు ఆ అణువు ఎలా పుడుతుందో చూడండి, లేకపోతే తర్వాత ఫలితం చూసి తికమకపడతారు. చాలా గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాల్లో (గ్రామ్ రంగు పరీక్షతో బ్యాక్టీరియాను నెగటివ్, పాజిటివ్ అని రెండు గుంపులు చేస్తారు) లక్స్‌ఐ రకం ఎంజైమ్ ఉంటుంది. అది ఎస్-అడెనోసిల్ మెథియోనిన్ అనే అణువును తీసుకుని, కొవ్వు ఆమ్లాల తయారీలో ఏసీపీ ప్రోటీన్ మోసుకొచ్చే కార్బన్ గొలుసును దానికి అతికిస్తుంది, ఆ తర్వాత అది లాక్టోన్ అనే ఉంగరం లాంటి వలయంగా ముడుచుకుంటుంది. అదే ఏహెచ్‌ఎల్ (ఎసైల్ హోమోసెరిన్ లాక్టోన్), మనం వెతికే సంకేతం. రెండు ముడిసరుకులూ కణంలో ఎప్పుడూ ఉండేవే, సంకేతం కోసం అదనంగా కావాల్సింది ఆ ఒక్క ఎంజైమే. ఇంత పొదుపుగా పని కానిచ్చేయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. గొలుసు పొడవు మాత్రం ఎంజైమ్‌ను బట్టి మారుతుంది: సూడోమోనాస్ ఎరుజినోసా ఒక్కటే 4 కార్బన్లదీ, 12 కార్బన్లదీ రెండూ చేస్తుంది.

ఇక పని. క్రోమోబ్యాక్టీరియం వయోలేసియం సీవీ026 అనే స్ట్రెయిన్ (ఒక జాతి బ్యాక్టీరియాలో ఒక ప్రత్యేక రకం) తెచ్చుకోండి. దానికి ఏహెచ్‌ఎల్ సొంతంగా చేసుకోవడం రాదు, కానీ బయటి నుంచి అందితే వయోలసీన్ అనే ఊదా రంగు తయారు చేస్తుంది. ఎల్‌బీ అగర్ (బ్యాక్టీరియా పెంచే జెల్లీ లాంటి మాధ్యమం) మీద దాన్ని ఒక గీతగా వేసి, పరీక్షించే బ్యాక్టీరియాను దానికి అడ్డంగా, తాకీ తాకకుండా గీసి, 28 నుంచి 30 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచండి. సంకేతం అగర్‌లోంచి పాకి వస్తుంది కాబట్టి దగ్గరి కొసన రంగు ముదురుగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉంటుంది. సీవీ026 ఒక్కటే ఉన్న ప్లేట్ ఒకటి, ఏహెచ్‌ఎల్ చేస్తుందని ముందే తెలిసిన స్ట్రెయిన్‌తో ఇంకోటి, ఈ రెండూ పక్కన లేకుండా ఫలితాన్ని నమ్మొద్దు.

రంగు రాలేదా? వెంటనే సంకేతం లేదని రాసేయకండి. సీవీ026 రంగు చూపేది దాదాపు 4 నుంచి 8 కార్బన్ల గొలుసులకే, 10, అంతకు మించితే రంగును ఆపేస్తుంది కూడా. అప్పుడు పద్ధతి తిరగేయండి: మెత్తటి అగర్‌లో సీవీ026తో పాటు 6 కార్బన్ల ఏహెచ్‌ఎల్ కలిపి పోస్తే ప్లేటంతా ఊదాగా మారుతుంది, పొడవు గొలుసు ఉన్నచోట తెల్లటి వలయం పడుతుంది. పీహెచ్ కూడా చూడండి, ఎల్‌బీలో పెరిగేకొద్దీ మాధ్యమం క్షారమైపోయి లాక్టోన్ వలయం విడిపోతుంది, కాబట్టి బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచేది) వేసి 7 లోపు ఉంచడం మేలు. గ్రామ్ పాజిటివ్‌లు ఎక్కువగా పెప్టైడ్‌లతో (చిన్న ప్రోటీన్ ముక్కలతో) సంకేతాలు పంపుతాయి, వాటిని ఈ పరీక్ష అసలు పట్టుకోలేదు.

సీవీ026 చెందిన క్రోమోబ్యాక్టీరియం వయోలేసియం జాతి వల్ల మనుషులకు ఇన్ఫెక్షన్ రావడం అరుదే గానీ వస్తే తీవ్రం, అందుకే గ్లవ్స్ వేసుకోండి, పనయ్యాక ప్లేట్లన్నీ ఆటోక్లేవ్ చేశాకే (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపాకే) పారేయండి.