వెనెజువెలా ఎలా కూలిందో తెలియాలంటే ముందు రెండు డాలర్ రేట్లు చూడండి

వెనెజువెలా ఆర్థిక సంక్షోభం మాట ఎత్తగానే ఒకరు సోషలిజం అంటారు, ఇంకొకరు అమెరికా ఆంక్షలు అంటారు, ఇక అరుపులే. ఆ గొడవలోకి దిగేముందు ఒక చిన్న పని చేయండి. ఏ సంవత్సరం గురించి మాట్లాడుతున్నారో ఆ ఏడు డాలర్‌కి ప్రభుత్వం పెట్టిన రేటెంత, బయట నడిచిన రేటెంత, రెండూ పక్కపక్కన రాసుకోండి. ద్రవ్యోల్బణం లెక్కలు తర్వాత.

ముందు డాలర్లు ఎక్కణ్ణుంచి వచ్చేవో చూడాలి. ఆ రోజుల్లో ఎగుమతి ఆదాయంలో దాదాపు 95 శాతం చమురుదే, ఆ చమురేమో ప్రభుత్వ కంపెనీ పీడీవీఎస్ఏ చేతిలో. 2002 డిసెంబర్‌లో అక్కడ పెద్ద సమ్మె జరిగి ఉత్పత్తి పడిపోయింది, డాలర్లు దేశం దాటిపోతున్నాయని అప్పటి అధ్యక్షుడు చావెజ్ 2003 ఫిబ్రవరిలో కరెన్సీ కంట్రోల్ తెచ్చాడు. అప్పట్నుంచి డాలర్ కావాలంటే కాడివి అనే ప్రభుత్వ సంస్థకి అప్లికేషన్ పెట్టుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు అసలు లెక్క. 2013లో డాలర్‌కి అధికారిక రేటు 6.30 బొలివార్లు (అక్కడి కరెన్సీ). 2014 చివరికి బయట 150 దాటింది. దిగుమతి పేరు చెప్పి 100 డాలర్లు తీసుకున్నవాడు కట్టింది 630 బొలివార్లు. సరుకు తేకుండా ఆ డాలర్లు బయట అమ్మేస్తే చేతికి 15,000, దాంతో మళ్లీ 6.30కే డాలర్లు సంపాదించగలిగితే 2,380 డాలర్లు! ఇంత లాభం ఉంటే ఫ్యాక్టరీ ఎవడు నడుపుతాడు? మామూలు జనం కూడా ప్రయాణాల కోటా (విదేశాలకెళ్లేవాళ్లకి అధికారిక రేటుకి ఇచ్చే డాలర్లు) కోసం పొరుగు దేశాలకెళ్లి కార్డు గీకి నగదు తెచ్చుకునేవాళ్లు. వాళ్లకి ‘రస్పాకుపోస్’ అని పేరు, అంటే కోటా గీకేవాళ్లు. కార్డు విషయంలో మనదీ వాళ్లదీ ఒకటే మాటన్నమాట.

ఈ రేటు పీడీవీఎస్ఏనీ ముంచింది. తెచ్చిన డాలర్లని తక్కువ రేటుకి అప్పజెప్పాలి కాబట్టి జీతాలకి బొలివార్లు చాలవు, సెంట్రల్ బ్యాంకు నోట్లు ముద్రించి అప్పు ఇచ్చేది.

2014 మధ్యలో 100 డాలర్ల పైనున్న బారెల్ 2016 మొదట్లో 30 కిందికి దిగింది. ధర ఒక్కటే చూసి ఆగకండి, ధర సౌదీకీ పడింది. ఉత్పత్తి కూడా చూడండి: 1990ల చివర్లో రోజుకి 30 లక్షల బారెళ్లకు పైనే, 2020లో 10 లక్షలు కూడా లేవు. సమ్మె తర్వాత సుమారు 18,000 మందిని తీసేసిన కంపెనీ అది మరి.

ఆంక్షల తేదీలు రాసుకోండి: ఆర్థిక ఆంక్షలు 2017 ఆగస్టు, పీడీవీఎస్ఏ మీద 2019 జనవరి. సరుకుల కోసం క్యూలు అంతకుముందే ఉన్నాయి. కాబట్టి సంక్షోభం ఆంక్షలతో మొదలైందనడం తప్పు, కోలుకునే దారి అవి మూసేయలేదనడమూ తప్పే.

ఒక్క జాగ్రత్త. బొలివార్ నుంచి 2008లో 3, 2018లో 5, 2021లో 6 సున్నాలు కొట్టేశారు, అంటే మొత్తం 14. నేను మొదట్లో 2003 నాటి 1,600 పక్కన 2013 నాటి 6.30 చూసి బొలివార్ బలపడిందనుకున్నాను. ఏ అంకె చూసినా అది ఏ బొలివారో ముందు తేల్చుకోండి.